వేసవి కోసం కార్తీకంలోనే



సిరిసిల్లలో ఈ ప్రసంగాన్ని కొందరు మరమగ్గపు సాంచాల చప్పుడు మధ్య, రేడియో చెవి దగ్గర పెట్టుకొని వింటూ ఉంటారు. కోరుట్లలో, మెట్‌పల్లిలో బీడీల చాట ఒళ్లో పెట్టుకొని వింటున్న అక్కలు, చెల్లెళ్లు ఉంటారు. జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో కోతలు మొదలయ్యాయి కనుక వడ్ల కుప్పల దగ్గర కావలి ఉన్నవాళ్లు కూడా వింటుండవచ్చు. మీ ఇంట్లో బీఎస్సీ చదువుతున్న కొడుకో కూతురో ఉంటే, దయచేసి కాసేపు వాళ్లను కూడా రేడియో దగ్గరికి పిలవండి. నేను చెప్పబోయేది వాళ్ల వచ్చే ఎండాకాలం గురించి. దసరా మొన్ననే అయిపోయింది, ఎండాకాలం మాట ఇప్పుడెందుకని అనుకోవద్దు. ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఎందుకో చెబుతాను.

ముందు ఒక చిన్న లెక్క. రేడియోలో బొమ్మ గీసి చూపించలేను కనుక మీ చేతినే పలకగా వాడుకుందాం. కుడిచెయ్యి చాపండి. బొటనవేలి నుంచి మొదలుపెట్టి, ఒక వేలు వదిలి ఒక వేలు ముట్టుకుంటూ పోండి. బొటనవేలు. చూపుడువేలు వదిలితే నడిమివేలు. ఉంగరపువేలు వదిలితే చిటికెనవేలు. మళ్లీ మొదటికి వచ్చి, బొటనవేలు వదిలితే చూపుడువేలు. నడిమివేలు వదిలితే ఉంగరపువేలు. అక్కడి నుంచి చిటికెనవేలు వదిలితే బయలుదేరిన బొటనవేలికే వచ్చాం. ఐదు వేళ్లనూ ఒక్కొక్కసారి తాకాం, ఏదీ మిగల్లేదు.

ఇప్పుడు చిటికెనవేలి పక్కన ఎడమచేతి బొటనవేలిని ఆనించండి. వేళ్లు ఆరయ్యాయి. అదే పద్ధతిలో ఒకటి వదిలి ఒకటి ముట్టుకోండి. మూడు వేళ్లు తాకేసరికే మొదటికి వచ్చేస్తారు, మూడు వేళ్లు మిగిలిపోతాయి. రెండేసి వదిలి చూడండి, రెండు వేళ్ల మధ్యే తిరుగుతారు. మూడేసి వదిలినా మళ్లీ సగమే. ఏదీ వదలకుండా వరసగా పోతే ఆరూ వస్తాయి. నాలుగేసి వదిలినా ఆరూ వస్తాయి కానీ అది వెనక్కి వరసగా పోవడమే. అంటే ఐదుకు కుదిరిన ఆట ఆరుకు కుదరదు.

ఇది పిల్లల ఆట కాదు. సాటిన్ గుడ్డ నేసే లెక్క ఇదే. సాటిన్ అంత నున్నగా, మెరుస్తూ ఉండడానికి కారణం, పడుగు మీద పేక ముడిపడే చోట్లు ఒకదాని పక్కన ఒకటి రాకుండా చెల్లాచెదురుగా ఉండడం. ఆ చోట్లు పక్కపక్కనే వరసగా వస్తే గుడ్డ మీద ఏటవాలు గీత కనిపిస్తుంది. జీన్స్ ప్యాంటు మీద మనం చూసేది ఆ గీతే, దాన్ని ట్విల్ అంటారు. ఐదు పోగుల సాటిన్ ఉంది, ఎనిమిది పోగుల సాటిన్ ఉంది, ఆరు పోగుల సాటిన్ మాత్రం ఈ పద్ధతిలో లేదు. ఆరులోపు సంఖ్యల్లో ఆరుతో ఒకటి తప్ప వేరే ఉమ్మడి భాజకం లేనివి ఒకటి, ఐదు మాత్రమే. ఆ రెండూ ట్విల్‌నే ఇస్తాయి. నేతగాళ్లకు అనుభవంతో ఏనాడో తెలిసిన ఈ సంగతిని ఫ్రాన్స్‌లో ఎదువార్ ల్యూకా అనే గణితజ్ఞుడు 1867లో అంకగణితంగా రాశాడు. అంటే సిరిసిల్లలో నేత ఆసామి ఇంట్లో పుట్టిన పిల్లవాడు సంఖ్యాశాస్త్రం పక్కనే పుట్టాడన్నమాట. అయితే ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడి నుంచి ప్రశ్న ముందుకు పోతుంది. ఆరు పోగులకు సాటిన్ కుదరకపోతే, దానికి అన్నిటికంటే దగ్గరగా ఉండే నేత ఏది? పదమూడు పోగులకు ఎన్ని సాటిన్లు సాధ్యం, తిరగేసినా బోర్లించినా ఒకటేలా ఉండేవాటిని తీసేస్తే వాటిలో నిజంగా వేరువేరైనవి ఎన్ని? బీఎస్సీ రెండో సంవత్సరం గణితం వచ్చిన విద్యార్థి రెండు నెలలు కూర్చుంటే ఇందులో చాలా దూరం పోగలడు. పుస్తకం చివర జవాబు ఉండని ప్రశ్నతో అలా రెండు నెలలు కూర్చోవడాన్నే పరిశోధన అంటారు. దానికి పెద్ద భవనాలు, తెల్లకోట్లు అక్కర్లేదు.

ఫిజిక్స్ పిల్లలకు జగిత్యాల వడ్ల కుప్ప చాలు. పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన జగిత్యాల సన్నాలు తెలుగు రైతులందరికీ తెలిసిన వరి. ఆ వడ్లను చాటతో పైనుంచి పోస్తూ ఉండండి. కుప్ప ఒక వాలు వరకు పెరుగుతుంది. తర్వాత పిడికెడు పోసినా ఒకోసారి నాలుగు గింజలే జారుతాయి, ఒకోసారి కుప్ప ఒకవైపంతా కూలుతుంది. ఎప్పుడు ఎంత కూలుతుందో ముందుగా చెప్పగలమా? 1987లో పెర్ బాక్, చావ్ టాంగ్, కర్ట్ వీసెన్‌ఫెల్డ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఇసుక కుప్పను నమూనాగా పెట్టుకొని ఈ ప్రశ్న వేశారు. ఆ నమూనాకు కచ్చితమైన గణిత పరిష్కారం కనుక్కున్నది మన దేశస్థుడే, ముంబై టాటా పరిశోధన సంస్థలో పనిచేసిన దీపక్ ధర్. 2022లో ఆయనకు బోల్ట్‌జ్‌మన్ పతకం వచ్చింది, అది అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. నార్వేలో, ఓస్లోలో కొందరు ఇంకొక పని చేశారు. రెండు గాజు పలకల మధ్య నిజంగానే బియ్యపు గింజలు పోసి, కూలడాలను కొలిచి, 1996లో నేచర్ పత్రికలో రాశారు. పొడుగు గింజలైతే చిన్నాపెద్దా అన్ని రకాల కూలడాలూ వచ్చాయి. పొట్టి గింజల తీరు వేరుగా ఉంది. సన్నం, దొడ్డు అని మనం మార్కెట్లో ధర కోసం చేసే తేడా భౌతికశాస్త్రంలో కూడా తేడాయే.

ఓస్లోలో బియ్యం కొనుక్కోవాలి. మనకు కల్లంలోనే ఉన్నాయి.

నేను మూడు దశాబ్దాలు ఈ ప్రాంతపు డిగ్రీ కాలేజీల్లో గణితం చెప్పాను. మన పిల్లలకు తెలివి తక్కువ అన్న మాటను నేను ఒక్కరోజు కూడా నమ్మలేదు. వాళ్లకు అందనిది కబురు. ఈ దేశంలో ప్రతి ఎండాకాలం కొన్ని వందల మంది డిగ్రీ విద్యార్థులు పెద్ద పెద్ద సంస్థల్లో, పేరున్న శాస్త్రవేత్తల దగ్గర నాలుగు వారాలో ఎనిమిది వారాలో కూర్చొని పనిచేసి వస్తారు. ఫీజు కట్టి కాదు. వాళ్లకే రైలు ఛార్జీ ఇస్తారు, ఖర్చులకు డబ్బిస్తారు. ఈ మాట మన తరగతి గదుల్లో చెప్పిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న వచ్చేది. "నిజంగనా సార్? మనకు కూడా ఇస్తరా?"

మనకు కూడా ఇస్తారు. వివరంగా చెబుతాను.

గణితం పిల్లలకు మొదట చెప్పాల్సింది ఎం.టి.టి.ఎస్. గురించి. గణిత శిక్షణ, ప్రతిభాన్వేషణ కార్యక్రమం అని దాని అర్థం. ముంబై విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉన్న ఎస్. కుమరేశన్ 1993లో దీన్ని మొదలుపెట్టారు. తర్వాత ఆయన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కూడా పనిచేశారు. జాతీయ ఉన్నత గణిత మండలి డబ్బిచ్చి నిలబెట్టిన కార్యక్రమం ఇది. ఎండాకాలంలో నాలుగు వారాలు జరుగుతుంది. బీఎస్సీ వాళ్లకు వేరుగా, ఎమ్మెస్సీ వాళ్లకు వేరుగా స్థాయిలు ఉంటాయి. అక్కడ సిలబస్ పూర్తిచేయాలన్న తొందర ఉండదు. మాస్టారు బోర్డు మీద సిద్ధాంతం రాసి, నిరూపణ రాసి, తుడిచేసి పోరు. నిర్వచనం చెప్పమంటారు. ఒక ఉదాహరణ ఇవ్వమంటారు. ఈ షరతు తీసేస్తే ఏమవుతుందో చూడమంటారు. జవాబు తప్పయితే, అలా ఎందుకనిపించిందో చెప్పమంటారు. మన ఇంటర్మీడియట్‌లో, డిగ్రీలో గైడు చూసి కంఠస్థం చేసిన పిల్లలకు మొదటి వారం చాలా కష్టంగా ఉంటుంది. రెండో వారానికి వాళ్లే లేచి బోర్డు దగ్గరికి పోతారు.

కోరుట్ల దగ్గరి ఊరి నుంచి ఒక అమ్మాయి అలా ఎంపికైంది. వాళ్ల బాపు మా ఇంటికి వచ్చి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. చివరికి అడిగాడు. "నెల్రోజులు ఆడపిల్లను గంత దూరం ఎట్ల పంపుదు సార్? అక్కడ ఉండుడు ఎవలింట్ల?" ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు. గల్ఫ్‌లో ఎనిమిదేళ్లు కష్టపడి వచ్చిన మనిషి, దూరం అంటే ఏమిటో ఆయనకు నాకంటే బాగా తెలుసు. అమ్మాయిలకు హాస్టల్ వేరుగా ఉంటుందని, వార్డెన్ ఉంటుందని, ఎంపిక ఉత్తరంలో ఫోన్ నంబర్లు ఉన్నాయని, ఆయనే ఫోన్ చేసి మాట్లాడవచ్చని చెప్పాను. నా ముందే ఫోన్ చేశాడు. తనే రైలెక్కి దింపి వచ్చాడు. నెల తర్వాత అమ్మాయి తిరిగొచ్చి చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "సార్, అక్కడ తప్పు చెప్తే ఎవ్వలు నవ్వలే. ఎందుకట్ల అనుకున్నవ్ అని అడిగిన్రు." మూడేళ్ల డిగ్రీలో ఆ పిల్లకు ఆ ప్రశ్న మేమెవరం వేయలేదు. ఆ రోజు తర్వాత నేను పాఠం చెప్పే తీరు మార్చుకున్నాను.

రెండోది మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్. 1934లో సి.వి. రామన్ బెంగుళూరులో స్థాపించిన భారత విజ్ఞాన అకాడమీ, ఢిల్లీలోని జాతీయ విజ్ఞాన అకాడమీ, ప్రయాగలోని మరో అకాడమీ, ఈ మూడూ కలిసి విద్యార్థులను శాస్త్రవేత్తల దగ్గరికి రెండు నెలలు పంపుతాయి. గణితం, ఫిజిక్స్ మాత్రమే కాదు, కెమిస్ట్రీ, జీవశాస్త్రం పిల్లలకు కూడా అవకాశం ఉంది. కాలేజీ లెక్చరర్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ చివరి మాటను మా తోటి ఉపాధ్యాయులు చెవిన వేసుకోవాలి. ఎమ్మెస్సీ అయిపోయి ఇరవై ఏళ్లయింది, మళ్లీ ల్యాబు ముఖం చూడలేదని బాధపడే లెక్చరర్లు నాకు చాలామంది తెలుసు. ఆ తలుపు మీకు కూడా తెరిచే ఉంది.

ఇవి కాక టాటా పరిశోధన సంస్థ ఏటా ఎండాకాలంలో విద్యార్థులను పిలుస్తుంది. ముంబైలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం 2004 నుంచి డిగ్రీ మొదటి సంవత్సరాల పిల్లల కోసం ఒక కార్యక్రమం నడుపుతోంది. నక్షత్రాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు పుణెలోని ఐయూకా, బెంగుళూరులో రామన్ పరిశోధన సంస్థ ఉన్నాయి. అంత దూరం ఎందుకనుకుంటే కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ వేసవిలో బయటి విద్యార్థులను తీసుకుంటుంది. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, గోపనపల్లిలో టాటా సంస్థ శాఖ ఉన్నాయి. జగిత్యాలలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి జూబ్లీ బస్టాండు. అమెరికాలో ఇలాంటి కార్యక్రమాలు కాలేజీ కాలేజీకీ ఉన్నాయి. అక్కడి జాతీయ విజ్ఞాన సంస్థ 1987 నుంచి వాటికి డబ్బిస్తోంది. డులూత్ అనే ఊళ్లో జోసెఫ్ గాలియన్ అనే గణిత మాస్టారు అంతకంటే పదేళ్ల ముందే, 1977లో, తన కాలేజీకి వేసవిలో విద్యార్థులను పిలిచి పరిశోధన చేయించడం మొదలుపెట్టారు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఆ అమెరికా కార్యక్రమాలు ప్రధానంగా ఆ దేశపు పౌరులకు, శాశ్వత నివాసులకు. కనుక డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న మీ అన్నకొడుక్కు, అక్కకూతురికి అవి ఉపయోగం. మీకు ఇక్కడివి ఉపయోగం.

ఎండాకాలం గురించి కార్తీకంలోనే ఎందుకు ఆలోచించాలో ఇప్పుడు చెబుతాను. అకాడమీల ఫెలోషిప్ ప్రకటన ఏటా అక్టోబరు, నవంబరు ప్రాంతంలో వస్తుంది. మిగతావాటి దరఖాస్తులు కూడా చాలావరకు చలికాలంలోనే, సంక్రాంతికి కాస్త అటూఇటూగా, ముగుస్తాయి. మన పిల్లలకు ఎండాకాలం చదువు ఎండాకాలంలోనే గుర్తొస్తుంది. సిరిసిల్ల నుంచి ఒక అబ్బాయి ఉండేవాడు. తండ్రి సాంచా నడిపేవాడు, తల్లి కండెలు చుట్టేది. లీనియర్ ఆల్జీబ్రా చెబుతుంటే నేను బోర్డు మీద చేసిన తప్పును వెనక బెంచీ నుంచి పట్టుకున్న పిల్లవాడు. ఏప్రిల్ చివర ఒకరోజు ఎవరి దగ్గరో సంపాదించిన కాగితం పట్టుకొని పరుగున వచ్చాడు. "సార్, గిది నాకు మొన్ననే తెల్సింది. ఇప్పుడు పెట్టుకోవచ్చా?" గడువు తేదీ అయిపోయి నాలుగు నెలలైంది. అది వాడి చివరి సంవత్సరం. ఆ కాగితం మా కాలేజీకి నవంబరులోనే వచ్చి ఉంటుంది, ఏ బీరువాలోనో ఏ ఫైల్లోనో ఉండిపోయి ఉంటుంది. వెతికి గోడకు అంటించాల్సినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

గడువు దాటడం ఎంతటివాళ్లకైనా జరుగుతుంది. సి.ఆర్. రావు పేరు మీరు వినే ఉంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చదివి, పరిశోధన స్కాలర్‌షిప్‌కు పెట్టుకుంటే దరఖాస్తు ఆలస్యంగా అందిందని ఇవ్వలేదు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా పోయారు. అక్కడ అనుకోకుండా భారత గణాంక సంస్థ గురించి తెలిసి, 1941 జనవరిలో అందులో చేరారు. ఇరవై ఐదేళ్ల వయసులో, 1945లో, ఆయన రాసిన ఒక్క వ్యాసంలోని ఫలితాలు ప్రపంచమంతా గణాంకశాస్త్రంలో పాఠాలయ్యాయి. 2023లో, నూట రెండేళ్ల వయసులో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకొని అదే ఏడాది కన్నుమూశారు. తలుపు మూసుకున్నా ఆయనకు ఇంకో తలుపు దొరికింది. మా సిరిసిల్ల అబ్బాయికి దొరకలేదు. సి.ఆర్. రావు కథ చెప్పి ఆలస్యమైనా ఫరవాలేదని ధైర్యం చెప్పే మనిషిని కాను నేను. అందరికీ కలకత్తాలో అదృష్టం ఎదురుపడదు.

మన నిజాం కాలేజీ కథ ఒకటి ఉంది, అది వేరు. సూరి భగవంతం 1909లో కృష్ణా జిల్లాలో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో ఫిజిక్స్ చదివారు. బీఎస్సీ చేతికొచ్చిన 1928లోనే కలకత్తాలో రామన్ ప్రయోగశాలకు వెళ్లారు. ఆ ఏడాది ఫిబ్రవరి 28నే రామన్ తన ఫలితాన్ని కనుక్కున్నారు. ప్రపంచంలో ఆ రోజుల్లో కాంతి మీద అన్నిటికంటే కొత్త పని జరుగుతున్న గదిలోకి, పందొమ్మిదేళ్లయినా నిండని హైదరాబాద్ డిగ్రీ కుర్రవాడు అడుగుపెట్టాడు. మూడేళ్లు తిరిగేసరికి కాంతి కణానికి స్పిన్ ఉందని చూపిన ప్రయోగం రామన్, భగవంతం పేర్ల మీద వచ్చింది. ఆ కుర్రవాడే తర్వాత ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్, బెంగుళూరు విజ్ఞాన సంస్థకు డైరెక్టర్ అయ్యారు. డిగ్రీ వయసుకు పరిశోధన తొందరేమో, పీజీ అయ్యాక చూద్దాం అనేవాళ్లకు నేను ఈ ఉదాహరణే చెబుతాను.

డిగ్రీ పూర్తికాకముందే పరిశోధన చేసిన ఉదాహరణ కూడా ఉంది. నెల్లూరు జిల్లా మూలాలున్న అల్లాడి వారి కుటుంబం. రాజ్యాంగ రచనలో పాల్గొన్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఆ ఇంటివారే. ఆయన మనుమడు కృష్ణస్వామి అల్లాడి మద్రాసు వివేకానంద కాలేజీలో బీఎస్సీ చదువుతూ, సంఖ్యల ప్రధాన కారణాంకాలను కూడితే వచ్చే మొత్తాల మీద సొంతంగా పనిచేశాడు. తన ఫలితాలు రాసి, ప్రపంచ ప్రఖ్యాత గణితజ్ఞుడు పాల్ ఎర్డిష్‌కు ఉత్తరం పంపాడు. ఆ సమయంలో కలకత్తా వచ్చిన ఎర్డిష్, ఆస్ట్రేలియా పోయే దారి మార్చుకొని 1975 జనవరిలో మద్రాసులో దిగాడు, ఆ బీఎస్సీ విద్యార్థిని కలవడానికి. ఇద్దరూ కలిసి రాసిన వ్యాసం 1977లో అచ్చయింది.

నిజం చెప్పాలంటే ఆ విద్యార్థి తండ్రి అల్లాడి రామకృష్ణన్. మద్రాసులో గణితశాస్త్రాల సంస్థను 1962లో స్థాపించిన మనిషి. ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గరే ప్రపంచ శాస్త్రవేత్తల పేర్లు వినిపించేవి. ఎవరికి ఉత్తరం రాయాలో, ఎలా రాయాలో ఆ అబ్బాయికి ఇంట్లోనే తెలిసింది. మన పిల్లల ఇళ్లలో వినిపించేవి నూలు ధర, బీడీ కూలీ, దుబాయ్ వీసా. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పుట్టుకతో కొందరికి దొరికే ఆ ఇంటి వాతావరణాన్ని ఈ వేసవి కార్యక్రమాలు నెలో రెండు నెలలో మిగతావాళ్లకు ఇస్తాయి. మహానగరాల పిల్లలకంటే మనవాళ్లకే ఇవి ఎక్కువ అవసరమని నేననేది అందుకే.

ఇక దరఖాస్తు సంగతి. దాదాపు అన్నిటిలోనూ మూడు భాగాలుంటాయి. మార్కులు, మీరు రాసే ఒక పేజీ, మీ మాస్టారి ఉత్తరం. మార్కుల గురించి ఇప్పుడు చేయగలిగిందేమీ లేదు. మీ పేజీ గురించి ఒక్క మాట. "నాకు చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే చాలా ఇష్టం" అని మొదలుపెట్టకండి. ఆ వాక్యం వేల దరఖాస్తుల్లో ఉంటుంది. ఏ ప్రశ్న మిమ్మల్ని పట్టుకుందో రాయండి. ఆరు పోగుల సాటిన్ ఎందుకు లేదో మీరే చేత్తో చేసి చూశారనుకోండి, అది రాయండి. వడ్ల కుప్ప వాలును కోణమాపకంతో పదిసార్లు కొలిచి, పదిసార్లూ ఎంత వచ్చిందో రాయండి. చిన్న సంగతైనా మీరు నిజంగా చేసింది కనుక చదివేవాళ్లు ఆగి చదువుతారు. ఇంగ్లీషు తప్పులుంటాయని భయపడకండి. మొదట తెలుగులో ఆలోచించి తెలుగులోనే రాసుకోండి. తర్వాత చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లీషులో పెట్టి ఎవరికైనా చూపించి దిద్దించుకోండి.

మాస్టారి ఉత్తరం గురించి నేను నా తోటివాళ్లతో మాట్లాడాలి. నా దగ్గరికి మొదటిసారి ఇలాంటి ఉత్తరం కోసం వచ్చిన విద్యార్థికి నేను మూడు వాక్యాలు రాసిచ్చాను. మంచి నడవడిక కలవాడు, కష్టపడి చదువుతాడు, ఎంపిక చేయగలరు, అంతే. కాండక్ట్ సర్టిఫికెట్‌కు దానికి తేడా నాకే తెలియలేదు. వాడు ఎంపిక కాలేదు. ఎంపిక చేసే కమిటీలో కూర్చున్న ఒక ఆచార్యులు చాలా ఏళ్ల తర్వాత నాకు చెప్పారు, అలాంటి ఉత్తరం వస్తే ఈ మాస్టారికి ఈ విద్యార్థి తెలియడని తాము అనుకుంటామని. మీ విద్యార్థి ఏ రోజు ఏ ప్రశ్న అడిగాడో రాయండి. ఏ లెక్కను పుస్తకంలో లేని దారిలో చేశాడో రాయండి. ఇంట్లో పరిస్థితి వల్ల మార్కులు తగ్గి ఉంటే అది కూడా రాయండి. ఒక గంట పడుతుంది. ఆ గంట మన చేతిలో ఉంది.

ఇంకో అడ్డంకి పరీక్షలు. సెమిస్టర్ పరీక్షలు మే నెలలోకి, జూన్‌లోకి జరిగితే ఎంపికైన విద్యార్థి కూడా పోలేకపోతాడు. విశ్వవిద్యాలయాల వాళ్లు పరీక్షల తేదీలు ముందే ప్రకటించి వాటికి కట్టుబడితే చాలు, పిల్లలు మిగతాది సర్దుకుంటారు. చాలా సంస్థలు చేరే తేదీని కొంత అటూఇటూ జరుపుకోనిస్తాయి, అడగడానికి మొహమాటపడకండి.

డబ్బు గురించి. ఇంటర్మీడియట్‌లో మీ బోర్డులో పైనుంచి ఒక శాతం లోపల మార్కులొచ్చి బీఎస్సీలో చేరినవాళ్లకు కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 80,000 రూపాయలు, అందులో 20,000 ప్రత్యేకంగా వేసవి పరిశోధన ప్రాజెక్టు కోసమే. ఇంజనీరింగ్ సీటు వద్దనుకొని బీఎస్సీ గణితంలో చేరిన పిల్లల్ని చుట్టాలు జాలిగా చూడటం మన దగ్గర మామూలు. వాళ్లకు ఈ అంకె చెప్పండి. మరో జాగ్రత్త. ఈమధ్య డబ్బు కడితే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామని ఫోన్లకు సందేశాలు వస్తున్నాయి. ఇంతసేపు నేను చెప్పిన కార్యక్రమాలు చాలావరకు మీకు డబ్బిచ్చేవి. మీ దగ్గర ఫీజు అడిగి, పని ఏమిటో చెప్పకుండా సర్టిఫికెట్ సంగతే చెప్పేవాళ్లకు బాపు కూలీ డబ్బులు పంపకండి.

ఎంపిక కాకపోతే? చాలామంది కారు. ఒక్కో సీటుకు పోటీ చాలా ఉంటుంది. అలాంటప్పుడు మీ కాలేజీలోనే ఎండాకాలంలో నలుగురు కలిసి ఒక గది అడగండి. మీ మాస్టార్లలో ఒకరైనా ఒప్పుకుంటారు. సిరిసిల్లలో, పడుగు పోగులను లేపే డాబీ పెట్టిన సాంచా నడిపే ఆసామిని అడిగి, ఏ నేతకు ఏ పోగులు లేవాలో రాసుకోండి. జగిత్యాలలో రెండు గాజు పలకలు, బస్తాడు వడ్లు, ఫోన్‌లో వీడియో, ఇంతే సామాను. దొడ్డు వడ్లతో ఒకసారి, సన్నాలతో ఒకసారి చేసి ఓస్లో వాళ్ల ఫలితంతో పోల్చండి. వచ్చే ఏడు దరఖాస్తులో ఆ పేజీ రాయడానికి మీ దగ్గర సొంత కొలతలు ఉంటాయి.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, లెక్చరర్లకు నా విన్నపం ఒక్కటే. ఈ వారంలో ఒక గంట కేటాయించి అకాడమీల ఫెలోషిప్, ఎం.టి.టి.ఎస్., టాటా సంస్థ, ఐఐటీ హైదరాబాద్, ఈ నాలుగింటి దరఖాస్తు తేదీలు కనుక్కొని, పెద్ద అక్షరాలతో రాసి, ఆఫీసు గది లోపల కాకుండా పిల్లలు నీళ్లు తాగే చోట గోడకు అంటించండి. తల్లిదండ్రులారా, మీ అమ్మాయి పేరు ఎంపిక జాబితాలో వస్తే అక్కడి నంబరుకు మీరే ఫోన్ చేసి మాట్లాడండి, ఆ తర్వాతే నిర్ణయించుకోండి. బీఎస్సీ చదువుతున్న పిల్లలారా, రేపు కాలేజీకి పోగానే మీకు బాగా తెలిసిన ఒక మాస్టారిని పట్టుకొని, సార్ నాకొక ఉత్తరం కావాలి అని అడగండి. దీపావళి ఇంకా రాలేదు. టైముంది.